జట్టు నాయకులకు నిర్ణయాలు అప్పగించండి: హైదరాబాద్ స్కౌట్, గైడ్ పెద్దలకు బహిరంగ లేఖ

జంట నగరాల పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, స్కౌట్ మాస్టర్లకు, గైడ్ కెప్టెన్లకు, స్కౌట్స్ అండ్ గైడ్స్ కమిషనర్లకు,

నమస్కారాలు.

బడులు తెరిచిన రెండు మూడు వారాల్లో ప్రతి ట్రూపు (స్కౌట్ల దళం)లోనూ, ప్రతి గైడ్ కంపెనీ (అమ్మాయిల దళం)లోనూ పెట్రోల్ లీడర్ల, అంటే దళంలోని చిన్న జట్ల నాయకుల పేర్లు ఖరారవుతాయి. పిల్లలు ఎడమ జేబు మీద పట్టీలు కుట్టించుకుని మురిసిపోతారు. ఆ తర్వాత ఏడాదంతా వాళ్లు చేసేదేమిటని చూస్తే చాలాచోట్ల మూడు పనులే తేలతాయి: హాజరు పిలవడం, జట్టును వరుసలో నిలబెట్టడం, సార్ చెప్పిన మాట జట్టుకు మళ్లీ వినిపించడం. తృతీయ సోపానం (స్కౌట్ శిక్షణలో ఒక మెట్టు) దాటి రాష్ట్ర స్థాయి రాజ్య పురస్కార్ పరీక్షకు వచ్చిన పిల్లవాడు ముడులన్నీ వేస్తాడు, ప్రతిజ్ఞ తడుముకోకుండా చెబుతాడు. ఎనిమిది మందికి ఒంటిగంటకల్లా భోజనం సిద్ధం కావాలంటే పొయ్యి ఎన్నింటికి వెలిగించాలని అడిగితే మాత్రం స్కౌట్ మాస్టర్ వైపు చూస్తాడు. వాడిని తప్పుపట్టడానికి లేదు. వాడికి ఇంతవరకూ ఎవరూ ఏ నిర్ణయమూ వదిలిపెట్టలేదు.

ఈ విద్యాసంవత్సరంలో ఇది మారాలని కోరుతున్నాం. ఎలా మార్చవచ్చో మాకు తెలిసినంతవరకూ వివరంగా రాస్తున్నాం.

కొత్త పద్ధతేదీ అడగడం లేదు. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ ద్వీపంలో స్కౌట్ ఉద్యమాన్ని స్థాపించిన బేడెన్ పావెల్ మొదటి శిబిరం పెట్టినప్పుడు ఇరవై మంది కుర్రాళ్లను నాలుగు పెట్రోళ్లుగా విడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో కుర్రాడి చేతుల్లో పెట్టారు. పెద్ద బళ్లలో చదివే పిల్లలూ, కష్టం చేసుకుని బతికే ఇళ్ల పిల్లలూ ఆ జట్లలో కలిసే ఉన్నారు. 1950 నవంబర్ 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ కూడా అదే నిర్మాణం మీద నడుస్తోంది. ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఒక పెట్రోల్. దానికొక లీడరు, ఒక సెకండ్ (ఉపనాయకుడు). లీడర్లంతా కూర్చుని ట్రూపు వ్యవహారాలు తేల్చుకోవడానికి కోర్ట్ ఆఫ్ ఆనర్. అన్నీ కాగితం మీద ఉన్నాయి. ఎక్కువ ట్రూపుల్లో కోర్ట్ ఆఫ్ ఆనర్ మినిట్స్ (సమావేశ నిర్ణయాల) పుస్తకం తనిఖీకి ముందు రోజు రాత్రి నిండుతుందన్నది మనందరికీ తెలిసిందే.

ముందుగా ఎంపిక సంగతి. మార్కులు, ఎత్తు, వేదిక మీద ఇంగ్లీషులో మాట్లాడగల ధైర్యం, ఈ మూడింటిని బట్టి లీడర్లను పెద్దలే నిర్ణయిస్తున్నారు. జట్టును నిర్ణయించనివ్వండి. ఒక నెల కలిసి పనిచేశాక, తాము ఎవరి మాట వింటారో పిల్లలే చీటీ మీద రాస్తారు. ఆశ్చర్యంగా, తరచూ నోరు తక్కువ పిల్లల పేర్లు వస్తాయి. పదో తరగతి పిల్లలకు పెట్రోల్ లీడరు పదవి ఇవ్వకండి. దసరా దాటేసరికి వాళ్లను ప్రత్యేక తరగతులు లాక్కుపోతాయి, మార్చి దాకా జట్టుకు దిక్కుండదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు లీడర్లుగా ఉంటే మేలు. పదో తరగతి పిల్లలు ట్రూప్ లీడరు (పెట్రోల్ లీడర్లందరికీ పెద్ద)గానో, ముడులూ ప్రథమ చికిత్సా నేర్పే శిక్షకులుగానో దసరా వరకూ సాయపడవచ్చు. సెకండ్‌ను అలంకారంగా ఉంచకండి. నెలకొక సమావేశం పూర్తిగా సెకండే నడపాలి, ఆ రోజు లీడరు మామూలు సభ్యుడిలా కూర్చోవాలి. లీడరు జ్వరంతో పడుకున్న రోజు జట్టు ఆగిపోయిందంటే ఈ అలవాటు లేదని అర్థం.

కోర్ట్ ఆఫ్ ఆనర్ పదిహేను రోజులకోసారి, నలభై నిమిషాలు, నిజంగా జరగాలి. ట్రూప్ లీడరు అధ్యక్షత వహిస్తాడు, ఒకరు మినిట్స్ రాస్తారు. స్కౌట్ మాస్టర్ ఎక్కడ కూర్చుంటారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఫలితాన్ని అదే తేలుస్తుంది. పిల్లల వలయంలో కూర్చుంటే ప్రతివాడూ మాట్లాడే ముందు సార్ మొహం చూస్తాడు. పక్కకు, వాళ్ల వీపుల వెనక కూర్చోండి. అడిగినప్పుడు చెప్పండి, అదీ అందరూ మాట్లాడాక. భద్రత, చట్టం, సంస్థ నియమాలు, ఈ మూడు విషయాల్లోనే మీరు వద్దనే హక్కు వాడండి. వాడినప్పుడు కారణాన్ని మినిట్స్‌లో రాయించండి. కారణం లేకుండా రెండుసార్లు వద్దన్నారంటే మూడో సమావేశానికి పిల్లలు ఏ ప్రతిపాదనా తీసుకురారు. వాళ్ల ముందుకు వచ్చే విషయాలు కూడా అసలైనవి కావాలి. స్టోర్ గది తాళం ఎవరి దగ్గర ఉండాలి? చిరిగిన టెంటు బాగు చేయించాలా, ఆ డబ్బుతో తాళ్లు కొనాలా? వరసగా మూడు సమావేశాలకు రాని సభ్యుడితో ఎవరు మాట్లాడాలి? ఇలాంటివి ఇవ్వకుండా టోపీ సరిగ్గా పెట్టుకోవడం గురించి చర్చించమంటే పిల్లలకు విసుగు పుడుతుంది, అది న్యాయమే.

ఇక బాధ్యతను పెంచుకుంటూ పోయే క్రమం. ఇక్కడ ఒక్క నియమం పాటించాలని మా గట్టి అభిప్రాయం: ఒకసారికి ఒకటే పెంచండి. జట్టులో మనుషుల సంఖ్య, పని నడిచే సమయం, పెద్దవాళ్లకూ జట్టుకూ మధ్య దూరం, చోటు కొత్తదనం, ఈ నాలుగింటిలో ఒక్కటి. బడి ఆవరణలో ఇరవై నిమిషాలు ముడి నేర్పిన పిల్లవాణ్ని ఏకంగా రాత్రి శిబిరానికి బాధ్యుణ్ని చేస్తే మూడు మెట్లు ఒకేసారి ఎక్కించినట్టే. అక్కడ పని చెడితే ఎందుకు చెడిందో అతనికీ తెలియదు, మీకూ తెలియదు. తర్వాతి మెట్టుకు సిద్ధమయ్యాడా లేదా అనేదానికి పని సజావుగా జరిగిందా అన్నది గుర్తు కాదు. పేరు పెట్టి పని అప్పగిస్తున్నాడా, పది నిమిషాల తర్వాత వెళ్లి చూస్తున్నాడా, లెక్క తప్పితే దాచకుండా చెబుతున్నాడా, ఇవి గుర్తులు. అరుపులు పెరిగినా, అన్నీ తానే చేసేస్తున్నా ఇంకొన్నాళ్లు అదే మెట్టు మీద ఉంచండి.

వంటనే తీసుకుందాం. హైదరాబాద్‌లో ఏ బడికైనా అందుబాటులో ఉన్న, ప్రమాదం తక్కువ, పాఠం ఎక్కువ ఉన్న పని ఇదే. శనివారం బడి మైదానంలోనే ఒక జట్టు తన మధ్యాహ్న భోజనం తానే వండుకోవాలి. ఎనిమిది మందికి తలకు 80 రూపాయల చొప్పున 640 రూపాయలు లీడరు చేతికివ్వండి, సంతకం తీసుకోండి. కొనుగోలు కూడా వాళ్లదే. మెహిదీపట్నమో, ఎర్రగడ్డో, కూకట్‌పల్లో, దగ్గర్లోని రైతుబజారులో ధరల బోర్డు ఉంటుంది. ముందు రోజు ఇద్దరు వెళ్లి ధరలు రాసుకు రావాలి, కొనేవాళ్లు ఆ కాగితంతో వెళ్లాలి. కిలో బియ్యం, 400 గ్రాముల కందిపప్పు, అర కిలో టమాటాలు, 150 మిల్లీలీటర్ల నూనె, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, చింతపండు, ఉప్పు, పసుపు. ఇంటి నుంచి ఎవరూ పచ్చడి సీసా తప్ప ఇంకేమీ తేకూడదు. లేకపోతే ఒక అమ్మగారు ప్రేమ కొద్దీ పులిహోర డబ్బా పంపుతారు, మొత్తం పాఠం ఆ డబ్బాలో కలిసిపోతుంది.

లీడరు చేయాల్సిన అసలు పని వెనక నుంచి ముందుకు లెక్కపెట్టడం. ఒంటిగంటకు తినాలంటే అన్నం 12:10కి పొయ్యి మీదికి ఎక్కాలి. మూతపెట్టిన మామూలు గిన్నెలో కందిపప్పు మెత్తబడటానికి గంట పైనే పడుతుంది, కాబట్టి పప్పు 11:15కి. అరగంట నానాలి కాబట్టి 10:40కే కడిగి నీళ్లు పోయాలి. కట్టెలు చీల్చడం, పొయ్యి రాళ్లు సర్దడం 10:30కి. అంటే జట్టు పది గంటలకల్లా మైదానంలో ఉండాలి. ఈ కాలపట్టికను లీడరే రాయాలి. మీరు చూడవచ్చు, దిద్దకండి.

ఏం చెడుతుందో కూడా ముందే చెప్పుకోవచ్చు. బోరు నీళ్లలో పప్పు ఉడకదు, మన నగరంలో చాలా బోర్ల నీళ్లు కఠిన జలం. తాగే నీళ్లే పప్పుకూ వాడాలని లీడరు గ్రహించాలి, లేదా ఒకసారి ఉడకని పప్పు తిని గ్రహిస్తాడు. మంట గిన్నె అడుగంతా పరుచుకుని అన్నం మాడుతుంది. నీళ్లు ఇగిరాక కట్టెలు వెనక్కి లాగి నిప్పుల మీద మగ్గనివ్వాలన్న సంగతి ముందు రోజు ఇంట్లో అమ్మమ్మను అడిగిన పిల్లకు తెలుస్తుంది. గిన్నె బయట తడిమట్టి పూయకపోతే తోమేవాళ్లు గంటసేపు తోముతారు, తోమేవాళ్లెవరో ముందే తేలకపోతే గొడవ. అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఇంకొకటి: లీడరే గరిట పట్టుకుంటాడు. ఒకడు చెమటోడుస్తూ వండుతుంటే మిగతా ఏడుగురు క్రికెట్ ఆడతారు. అందుకే లీడరు గరిట ముట్టకూడదని ముందే నియమం పెట్టండి. చేతులు ఖాళీగా ఉంటేనే కళ్లు పనిచేస్తాయి. భోజనం మూడు గంటలకైతే మూడు గంటలకే తినండి. స్కౌట్ మాస్టర్ కూడా ఆ జట్టుతోనే, అదే అన్నం తినాలి.

తిన్న తర్వాత పదిహేను నిమిషాలు కూర్చోండి. ఎవరు తప్పు చేశారని అడగవద్దు. ఈరోజు నువ్వు తీసుకున్న నిర్ణయాల్లో కష్టమైనదేది, అది ఎన్నింటికి తీసుకున్నావు, ఇంకో అరగంట ముందు తీసుకుని ఉంటే ఏం మారేది? ఈ మూడు చాలు. జవాబులు లీడరే తన పుస్తకంలో రాసుకోవాలి. 640 రూపాయల లెక్క కూడా రసీదులతో అదే రోజు ముగించాలి, మిగిలిన చిల్లర జట్టు నిధిలోకి.

అదే వంట ఇంకోసారి, ఈసారి పెద్దవాళ్లు మైదానం అవతలి వైపు నుంచి చూస్తారు. ఆ తర్వాత అదే వంట కొత్త చోట. తర్వాతే నడక.

జట్టు నడకకు అనంతగిరి మంచి చోటు. సికింద్రాబాద్ నుంచో లింగంపల్లి నుంచో రైలెక్కి వికారాబాద్‌లో దిగవచ్చు. మూసీ పుట్టే కొండలు కాబట్టి పిల్లలకు చెప్పడానికి కథ కూడా ఉంది. వానలు తగ్గిన నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వరకూ అనువైన కాలం. మార్చి దాటాక పదకొండు తర్వాత ఎండలో నడిపించకండి. అటవీశాఖ అనుమతికి ఉత్తరం లీడరు రాయాలి, సంతకం ప్రధానోపాధ్యాయులది. లీడరూ సెకండూ ఒక పెద్దాయనతో ముందే ఒకసారి వెళ్లి దారి చూసి రావాలి. దారిలో నీళ్లు దొరికే చోటు, ఫోన్ సిగ్నల్ అందే చోటు, ఆటో రాగలిగే చోటు, ఈ మూడూ పటం మీద గుర్తు పెట్టాలి. సంచితో నడిచే పిల్లలు చదునులో గంటకు మూడు కిలోమీటర్లు, ఎక్కుడులో రెండు నడుస్తారనుకోండి. గంటకు పది నిమిషాల విశ్రాంతి, భోజనానికి గంట. వచ్చిన మొత్తానికి పావు వంతు కలిపితే నిజమైన సమయం వస్తుంది. ఆ లెక్కతో ఒక దారిపత్రం రాసి ఒక ప్రతి బడిలో, ఒకటి తోడు వచ్చే పెద్దల దగ్గర, ఒకటి లీడరు జేబులో ఉంచాలి.

నడకలో లీడరు ముందుండాలనుకోవడం పొరపాటు. ముందున్నవాడికి చివరివాడు ఆగిపోయిన సంగతి తెలియదు. దారి చూసేవాడు ముందు, అతని వెనకే అందరికంటే నిదానంగా నడిచేవాడు, చివర్లో సెకండ్, లీడరు మధ్యలో. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. సగం దూరం రాకముందే ఎవరి నీళ్లైనా సగానికి తగ్గితే జట్టంతా వెనక్కి తిరగాలి, ఆ నిర్ణయం లీడరుది. తిరిగి వచ్చినందుకు ఎవరూ ఒక్క మాట అనకూడదు, అన్నారంటే వచ్చేసారి దాహంతో కూడా ముందుకే వెళతాడు. లీటరు నీళ్లకు సరిపడే ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలని ముందే సాధన చేయించండి. పిల్లలు సగం పొట్లం అంచనాగా చిన్న సీసాలో పోస్తారు, అది సరికాదు. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. పెద్దలిద్దరు జట్టు వెనక రెండు వందల మీటర్ల దూరంలో, కనుచూపులో నడవాలి. దారి తప్పారని మీకు తెలిసినా ప్రమాదం లేనంతవరకూ ఓ పది నిమిషాలు ఆగండి. వాళ్లంతట వాళ్లు తెలుసుకుని వెనక్కి వస్తే ఆ తర్వాత పటం చూడటం మళ్లీ నేర్పాల్సిన పనిలేదు.

సేవా కార్యక్రమాల్లో అసలైన నాయకత్వానికి చోటుంది గానీ తొందరపడవద్దు. ఆషాఢ బోనాలు బడులు తెరిచిన కొద్ది వారాల్లోనే వస్తాయి, కొత్త లీడర్లకు అది పెద్ద గుంపు. కిందటేడాది అనుభవమున్న ట్రూప్ లీడర్లకే ఇవ్వండి. నిమజ్జనం రాత్రి హుస్సేన్‌సాగర్ ఒడ్డున, క్రేన్ల దగ్గర పిల్లలను పెట్టడం మాకు సమ్మతం కాదు. మంచినీళ్ల పందిరి మాత్రం తొమ్మిదో తరగతి లీడరు నడపగలదు. 20 లీటర్ల క్యాను 200 మిల్లీలీటర్ల గ్లాసులు వంద నింపుతుంది. వెయ్యి మందికి పది క్యాన్లు. నీళ్లకంటే ముందు గ్లాసులు అయిపోతాయి, వాడిన గ్లాసులకు గోనెసంచులు గుర్తుండవు, ఈ రెండూ ముందే రాయించండి. ఎవరూ ఒంటరిగా నిలబడకూడదు, జంటలుగా ఉండాలి. 45 నిమిషాలకోసారి మారాలి. లీడరు ఒక చోట నిలబడకుండా తిరుగుతూ ఉండాలి. తప్పిపోయిన పసివాడు దొరికితే మైకులో పేరు చెప్పకూడదు. పేరు విన్న ఎవరైనా మా పిల్లవాడేనంటూ వచ్చేయవచ్చు. పక్కనున్న పోలీసులకు అప్పగించి, తల్లిదండ్రులు వచ్చేదాకా ఇద్దరు తోడుండాలి. 108 (అంబులెన్స్), 112 (అత్యవసర సాయం), 1098 (పిల్లల సహాయం) నంబర్లు ప్రతి పిల్లవాడికీ నోటికి వచ్చి ఉండాలి.

ప్రధానోపాధ్యాయులు అడిగే ప్రశ్న మాకు తెలుసు: రేపు ఏదైనా జరిగితే జవాబుదారీ ఎవరు? మీరూ, తోడు వచ్చిన పెద్దలూ. అందులో మార్పు లేదు, ఉండకూడదు కూడా. పిల్లలకు అప్పగించమంటున్నది నిర్ణయాన్ని, చట్టపరమైన బాధ్యతను కాదు. ఒక కాగితం మధ్యలో గీత గీసి, పెద్దవాళ్లు వెంటనే కలగజేసుకునేవి ఒక పక్క రాయండి: నిప్పు, నీళ్లు, రోడ్డు, ఎత్తు, అనారోగ్యం, ఒకరినొకరు ఏడిపించుకోవడం. మిగిలినవన్నీ రెండో పక్క. నీళ్ల విషయంలో మన నగరం చుట్టూ ఉన్న క్వారీ గుంతలను ప్రత్యేకంగా రాయండి. వానాకాలం నిండాక పైకి ప్రశాంతంగా కనిపిస్తాయి, అడుగు ఒక్కసారిగా లోతుకు పోతుంది. ఎత్తు విషయంలో మౌలాలి, ఖాజాగూడ లాంటి చోట్ల తడిసిన గ్రానైట్ బండలను రాయండి. ఇద్దరు పెద్దలు లేకుండా ఏ జట్టూ బడి గేటు దాటకూడదు. అమ్మాయిలుంటే అందులో ఒకరు మహిళ అయి తీరాలి. ఏ పెద్దా ఏ ఒక్క పిల్లతోనూ ఏకాంతంగా ఉండకూడదు. ఆ కాగితం మీద తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. వాళ్లలో ఎక్కువమంది భయం తగ్గేది హామీలు విన్నప్పుడు కాదు, ఈ గీత చూసినప్పుడు.

గైడ్ల గురించి విడిగా చెప్పాలి. అదే వయసు, అదే సోపానం, అయినా అమ్మాయిల జట్టుకు ముగ్గులూ, స్వాగత నృత్యాలూ, అతిథుల బొట్టు పళ్లేలూ దక్కుతున్నాయి. కొండ నడక, రాత్రి శిబిరం అబ్బాయిలకు పోతున్నాయి. మహిళా కెప్టెన్ల కొరత కారణమైతే రెండు బళ్ల గైడ్ కంపెనీలను కలిపి తీసుకెళ్లండి. ప్రభుత్వ బడి పిల్లలూ ప్రైవేటు బడి పిల్లలూ ఒకే జట్టులో పనిచేసే అవకాశం కూడా ఆ వంకన దొరుకుతుంది.

కమిషనర్లకు రెండు అభ్యర్థనలు. రాజ్య పురస్కార్ పరీక్షకు వచ్చే ప్రతి లీడరూ మూడు కోర్ట్ ఆఫ్ ఆనర్ మినిట్స్, ఒక ఖర్చు లెక్క, ఒక దారిపత్రం తన చేతిరాతతో తెచ్చుకోవాలని అడగండి. పరీక్షా శిబిరంలో ఒక పూట, తనకు పరిచయం లేని ఏడుగురిని అప్పగించి, మూడు గంటల్లో ముగించాల్సిన పని ఇచ్చి దూరం నుంచి చూడండి. చతురస్ర బంధం (రెండు కర్రలను అడ్డంగా కలిపి తాడుతో కట్టే కట్టు) ఎంత అందంగా కట్టాడన్నదానికంటే, ఇంకొకడు కట్టిన బంధంలో నడుమ చుట్లు వదులయ్యాయని గమనించి విప్పించి కట్టించాడా అన్నది చూడండి. రెండోది, సభల్లో బొకేలు అందించడానికీ, దారికి ఇరువైపులా నిలబడటానికీ స్కౌట్లను, గైడ్లను పంపమనే ఉత్తరాలు వచ్చినప్పుడు దయచేసి వెనక్కి పంపండి. అలా పోయిన శనివారాలన్నీ పిల్లల శిక్షణలోంచి తీసినవే.

ఇదంతా ఒకేసారి మొదలుపెట్టనవసరం లేదు. ఈ ఏడాది ఆగస్టు 15 ఏర్పాట్లతో మొదలుపెట్టండి. జెండా వందనం మొత్తాన్ని కోర్ట్ ఆఫ్ ఆనర్‌కు అప్పగించండి. జూలై చివరి వారంలో మొదటి సమావేశం. జెండా చిరుగులు లేకుండా ఉందా, కాషాయం పైకి వచ్చేలా మడిచారా, కప్పీ తిరుగుతోందా, ఇవి చూసే బాధ్యత పేరు పేరునా పంచుకోవాలి. 14న పొడి తాడుతో చక్కగా విచ్చుకున్న జెండా 15న విచ్చుకోకపోవడం మామూలే, రాత్రి వానకు నూలు తాడు ఉబ్బి జారుముడి బిగుసుకుంటుంది. కాబట్టి సాధన తడిపిన తాడుతోనే జరగాలి. ఈ సంగతి మీరు చెప్పకండి. తాడు ఎలా సరిచూస్తారో మినిట్స్‌లో రాయమని మాత్రం అడగండి.

ఇట్లు,
హైదరాబాద్‌లో స్కౌట్, గైడ్ శిక్షణలో పనిచేస్తున్న కొందరం